క్లస్టర్‌పై ఉమ్మడి లైసెన్సులు – 4వ పాఠం: బయట వాడిన లైసెన్సులను లెక్కలోకి తేవడం

గత పాఠంలో ఒకే క్లస్టర్‌కు (కలిసి పనిచేసే కంప్యూటర్ల సమూహానికి) పరిమితమైన లైసెన్సులను, దానిపై పనులను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ సాఫ్ట్‌వేర్ అమరికల ఫైలైన స్లర్మ్.కాన్ఫ్‌లో రాయడం నేర్చుకున్నాం. గుంటూరులో ఒక క్లస్టర్, విజయవాడలో మరొకటి ఉన్న ఒక విద్యాసంస్థ, రెండింటికీ కలిపి ఒకే ఫ్లెక్స్‌ఎల్‌ఎం సర్వర్‌పై (లైసెన్సులను పంచే సర్వర్‌పై) 12 ఫ్లూయెంట్ (ద్రవప్రవాహాలను అనుకరించే సాఫ్ట్‌వేర్) లైసెన్సులు కొన్నదని ఈసారి అనుకుందాం.

స్లర్మ్ తనంతట తానుగా లైసెన్సు సర్వర్‌ను సంప్రదించదు. జాబ్ (క్లస్టర్‌కు పంపిన పని) కోరినన్ని లైసెన్సులను తన లెక్కలోంచి తీసివేసి, అది ముగియగానే తిరిగి కలుపుతుంది. నిజంగా ఇచ్చేదీ నిరాకరించేదీ సర్వరే. అందువల్ల లైసెన్సు కోరకుండానే జాబ్‌లో ఫ్లూయెంట్‌ను నడిపినవారూ, ల్యాబ్ డెస్క్‌టాప్‌పై దాన్ని తెరిచి ఉంచి భోజనానికి వెళ్లినవారూ స్లర్మ్ లెక్కలోకి రారు. నేను గుంటూరులో పనిచేసిన చోట ఒక విద్యార్థిని జాబ్ రెండు రాత్రులు వరుసలో నిలిచి, నోడ్లు (క్లస్టర్‌లోని కంప్యూటర్లు) దొరికిన నిమిషంలోనే లైసెన్సు లేదన్న సందేశంతో ఆగిపోయింది. ఆమె తప్పు ఏమీ లేదు. తప్పంతా మా లెక్కలోనే ఉంది. ఈ పాఠం రాయడానికి అదే కారణం.

ఎస్‌ఎసిసిటి‌ఎంజిఆర్ ఆదేశంతో (స్లర్మ్ డేటాబేస్‌ను మార్చే ఆదేశం) ఫ్లూయెంట్‌ను ఒక వనరుగా చేర్చి, మొత్తం 12 అని రాసి, ఒక్కొక్క క్లస్టర్‌కు 50 శాతం చొప్పున కేటాయిస్తే, చెరి ఆరు వస్తాయి. అక్కడ సర్వర్ రకం ఫ్లెక్స్‌ఎల్‌ఎం అని రాసినంత మాత్రాన అనుసంధానం ఏర్పడదు, అది కేవలం గుర్తు కోసమే. బయటి వాడకాన్ని తెలియజేయడానికి 23.02 వెర్షన్ నుంచి లాస్ట్‌కన్స్యూమ్డ్ అనే గడి ఉంది: ఎల్‌ఎమ్‌స్టాట్ (ఫ్లెక్స్‌ఎల్‌ఎం స్థితిని చూపే ఆదేశం) చూపే వాడకపు సంఖ్యను ఒక చిన్న స్క్రిప్టు క్రాన్ (నిర్ణీత వేళలకు ఆదేశాలను నడిపే సాధనం) ద్వారా తరచుగా తీసుకువచ్చి అందులో నింపితే, తన జాబ్‌లకు చెందని వాడకాన్ని స్లర్మే లెక్కగట్టి, ఆ సంఖ్య మేరకు లైసెన్సులను ఇవ్వకుండా ఆపుతుంది.

ఇంత చేసినా, స్క్రిప్టు చూసిన క్షణానికీ జాబ్ మొదలైన క్షణానికీ మధ్య ఎవరైనా ఒక లైసెన్సు తీసుకోవచ్చు. అందుకే లైసెన్సు దొరకనప్పుడు ఎస్‌కంట్రోల్ రీక్యూతో తిరిగి వరుసలో చేరేలా జాబ్ స్క్రిప్టును రాయమని నేను గట్టిగా చెబుతాను.

సాధనకు ఫ్లూయెంట్ అక్కరలేదు, ఎందుకంటే స్లర్మ్ చేసేది లెక్క మాత్రమే. మీ పరీక్షా యంత్రంలో నాలుగు లైసెన్సులు ప్రకటించి, రెండేసి కోరుతూ, స్లీప్ 300 (300 సెకన్లు ఊరికే ఆగి ఉండే ఆదేశం) మాత్రమే నడిపే మూడు జాబ్‌లు పంపండి. నోడ్లు ఖాళీగా ఉన్నా మూడోది ఆగి, ఎస్‌క్యూ జాబితాలో కారణంగా లైసెన్సెస్ అని చూపాలి. తరువాత ఒకే జాబ్‌లో ఐదు కోరండి. అది వరుసలోకి కూడా చేరకుండా, పంపినప్పుడే తిరస్కరించబడాలి.