నగదు సంపాదనను లెక్కలోకి తేవడం ఎలా? సొంతంగా పని చేసుకునే వృత్తిదారుల కోసం

ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వడ్రంగి, పెయింటర్, తాపీ మేస్త్రీ... సొంత పనితనం మీద బతికే వీరందరి చేతికి డబ్బు చాలావరకు నోట్ల రూపంలోనే వస్తుంది. పని పూర్తికాగానే ఇంటివారు లెక్కపెట్టి ఇస్తారు. అది జేబులోకి వెళ్తుంది. అదే జేబులోంచి సామానుకూ, సహాయకుడి కూలికీ, పెట్రోలుకూ, ఇంటి సరుకులకూ పోతుంది. ఏడాది తిరిగాక మొత్తం ఎంత సంపాదించారని అడిగితే చాలామంది నిజంగానే చెప్పలేరు. పన్ను ఎగవేత అనగానే పెద్ద పెద్ద కుట్రలు గుర్తుకొస్తాయి కానీ, ఈ వృత్తుల్లో అది రాయకపోవడంతో మొదలవుతుంది. రాయనిది మరుపున పడుతుంది, మరిచినదాన్ని చెప్పకపోవడం అలవాటవుతుంది, కొన్నేళ్లకు ఆ అలవాటే దాచడంగా మారుతుంది.

అమెరికా పన్నుల శాఖ అంచనాల్లో ఒక తేడా ఏళ్ల తరబడి కనిపిస్తోంది. యజమాని ముందే పన్ను పట్టుకుని ఇచ్చే జీతాల్లో తప్పుగా చూపేది సుమారు 1 శాతం. ఎవరూ శాఖకు సమాచారం పంపని ఆదాయాల్లో అది సుమారు 55 శాతం. జీతగాళ్లు నీతిమంతులనీ, వృత్తిదారులు కారనీ దీని అర్థం కాదు. జీతగాడి లెక్కను ఇంకొకరు రాసిపెడతారు, మీ లెక్క మీరే రాసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

దాచడం వల్ల నష్టపోయేది ప్రభుత్వమే అనుకుంటారు. ముందుగా నష్టపోయేది మీరే. 2020లో కరోనా వల్ల పనులు ఆగిపోయినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం స్వయం ఉపాధిదారులకు సాయం ప్రకటించింది. తొలి విడతలో సగటు నెల లాభంలో 80 శాతం చొప్పున మూడు నెలలకు, గరిష్ఠంగా 7,500 పౌండ్లు ఇచ్చారు. ఆ సగటును అంతకుముందు వేసిన రిటర్నుల నుంచే, అంటే ఏడాది ఆదాయాన్ని పన్నుల శాఖకు తెలిపే పత్రాల నుంచే తీశారు. లాభాన్ని తగ్గించి చూపినవారికి, అవసరం ముంచుకొచ్చిన రోజున ఆ తగ్గిన అంకే మిగిలింది. ఇంటి అప్పుకు వెళ్లినా ఇదే మాట. భారత్‌లో రోడ్డు ప్రమాద పరిహారం కేసుల్లో కోర్టులు ఆదాయపు పన్ను రిటర్నును గట్టి ఆధారంగా చూస్తాయి. కుటుంబాన్ని పోషించే మనిషి పోయినప్పుడు, ఆయన నిజంగా ఎంత సంపాదించేవాడో రుజువు చేయలేక ఆ కుటుంబం పడే అవస్థ చాలా పెద్దది.

1. మీకు వర్తించే హద్దులు తెలుసుకోండి

నగదు తీసుకోవడం దానంతట అది నేరం కాదు. పన్ను ఆదాయం మీద పడుతుంది, ఆ ఆదాయం నోట్లుగా వచ్చిందా, బ్యాంకు ద్వారా వచ్చిందా అన్నది తర్వాతి సంగతి. అయితే ఎంతవరకు నగదు పుచ్చుకోవచ్చు, ఏ మొత్తం దాటితే రిటర్ను వేయాలి అన్నవి దేశానికో రకంగా ఉంటాయి. బ్రిటన్‌లో సొంత పని మీద ఏడాదికి 1,000 పౌండ్ల వరకు వచ్చే రాబడికి మినహాయింపు ఉంది. అమెరికాలో స్వయం ఉపాధి నికర ఆదాయం 400 డాలర్లు చేరితే రిటర్ను తప్పనిసరి. భారత్‌లో ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున, లేదా ఒకే పనికి విడతలుగానైనా సరే, 2 లక్షల రూపాయలు గానీ అంతకుమించి గానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ఇల్లంతటికీ వైరింగో, చెక్కపనో ఒప్పుకునేవారు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

చిన్న వ్యాపారులకు భారత్‌లో ఒక సులువైన దారి ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీ సెక్షన్‌గా పేరుపడ్డ ఈ పద్ధతిలో, మొత్తం వసూళ్లలో నగదుగా వచ్చినదానిపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం కనీస లాభంగా చూపవచ్చు. పూర్తి స్థాయి ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. వసూళ్ల హద్దు 2 కోట్ల రూపాయలు. నగదు వాటా 5 శాతం మించకపోతే 3 కోట్లు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ 8 శాతం అన్నది కనీసం మాత్రమే. అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. పనితనమే పెట్టుబడిగా ఉన్న వృత్తుల్లో మిగులు అంతకంటే చాలా ఎక్కువగా ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయంపై రాయితీ వల్ల పన్ను పడదు. అంటే ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేనివారు సైతం భయంతో ఆదాయం దాచుకుని, రిటర్ను వల్ల వచ్చే మేలును పోగొట్టుకుంటున్నారు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే.

2. రోజు చిట్టా రాయండి

మొత్తం వ్యవహారానికి ఇదే ప్రాణం. పుస్తకంలో రాసినా, ఫోనులో రాసినా ఫరవాలేదు కానీ నియమం ఒకటే: వచ్చిన డబ్బులోంచి ఖర్చు పెట్టకముందే రాయాలి. రాత్రికి చూసుకుందాం అనుకుంటే అప్పటికి సగం జేబు ఖాళీ అవుతుంది, మిగిలిన సగమే సంపాదనలా కనిపిస్తుంది.

ప్రతి పద్దులో తేదీ, ఎవరి పని, ఏమి చేశారు, కూలి ఎంత, మీరు కొని తెచ్చిన సామాను ఎంత, డబ్బు ఏ రూపంలో వచ్చింది, రశీదు సంఖ్య ఎంత అన్నవి ఉండాలి. కూలినీ సామానునూ విడదీయడం ముఖ్యం. ఇంటివారే సామాను కొని ఇస్తే అది మీ రాబడి కాదు. మీరు కొని, వారి దగ్గర వసూలు చేస్తే వసూలు రాబడిలోకీ, కొన్నది ఖర్చులోకీ వెళ్తాయి. అడ్వాన్సు తీసుకున్న రోజునే ‘అడ్వాన్సు’ అని రాయండి, చివరి బిల్లులో దాన్ని మినహాయించి చూపండి.

రాయాలని తోచని రాబడులు కొన్ని ఉంటాయి. వైరింగ్ మార్చినప్పుడు మిగిలిన పాత రాగి తీగ అమ్మితే వచ్చేది, పాత కుళాయిలు తుక్కుకు వేస్తే వచ్చేది, పని నచ్చి ఇంటివారు అదనంగా చేతిలో పెట్టేది కూడా ఆదాయమే. డబ్బుకు బదులు వస్తువు పుచ్చుకున్నా, ఒక పెయింటరూ ఒక ప్లంబరూ ఒకరి ఇంటి పని ఒకరు చేసిపెట్టుకున్నా, ఆ విలువను చాలా దేశాల చట్టాలు ఆదాయంగానే చూస్తాయి.

రోజు ముగిశాక పెట్టె సరిచూసుకోండి. ఉదయం 2,000 ఉంది, రోజంతా 6,500 వచ్చింది, పని ఖర్చులకు 3,200 పోయింది, బ్యాంకులో 4,000 వేశారు. అంటే చేతిలో 1,300 ఉండాలి. లేకపోతే ఏదో రాయలేదన్నమాట. ఆ రోజే వెతికితే దొరుకుతుంది, నెల తర్వాత దొరకదు. ఇంటి ఖర్చుకు తీసుకున్నదాన్ని ‘సొంతానికి’ అని వేరుగా రాయండి. అది వ్యాపార ఖర్చు కాదు.

3. వరుస సంఖ్యలతో రశీదు ఇవ్వండి

అడిగినవారికే కాదు, అందరికీ ఇవ్వండి. రశీదు చెడిపోతే చింపి పారేయకుండా ‘రద్దు’ అని రాసి పుస్తకంలోనే ఉంచండి. వరుసలో ఒక్క సంఖ్య తప్పినా తనిఖీలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

అసలు చిక్కు ‘బిల్లు లేకుండా అయితే ఎంత తగ్గిస్తారు?’ అన్న దగ్గర వస్తుంది. ఈ బేరానికి ఒప్పుకున్న ప్రతిసారీ, నిజాయతీగా లెక్క చూపే తోటి పనివాడి ధర ఎక్కువగా కనిపిస్తుంది. అతను పని పోగొట్టుకుంటాడు, లేదా తనూ అదే దారి పడతాడు. వృత్తి మొత్తం అలా దిగజారుతుంది. అందుకే ధర చెప్పేటప్పుడే పన్నుతో కలిపి ఒకే ధర చెప్పండి, రెండు ధరలు పెట్టుకోవద్దు. బిల్లు ఉంటేనే పనికి పూచీ అని స్పష్టంగా చెప్పండి. గోడలో పైపు కారితే ఆ కాగితమే ఇంటివారికి ఆధారం.

కొన్ని దేశాలు ఇంటివారినే బిల్లు అడిగేలా చేశాయి. జర్మనీలో ఇంటి మరమ్మతుల కూలిలో 20 శాతాన్ని, ఏడాదికి 1,200 యూరోల వరకు, ఇంటివారు తమ పన్నులోంచి తగ్గించుకోవచ్చు. బిల్లు ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లాలి, నగదుగా ఇస్తే రాయితీ లేదు. దొంగ లెక్కలను తగ్గించడంలో దాడులకంటే ఇలాంటి ఏర్పాట్లే మంచివని నా నమ్మకం.

4. పనికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండి

వచ్చిన నగదును వారానికి ఒకటి రెండు సార్లయినా ఈ ఖాతాలో వేయండి. సామాను దుకాణానికి ఇందులోంచే చెల్లించండి. ఇంటికి కావలసింది సొంత ఖాతాకు మార్చుకోండి. పెద్ద మొత్తాన్ని ఎవరి కంటా పడకుండా చిన్న ముక్కలుగా వేయాలన్న సలహా ఎవరైనా ఇస్తే వినకండి. అమెరికాలో బ్యాంకులు 10,000 డాలర్లు దాటిన నగదు జమను ప్రభుత్వానికి తెలియజేస్తాయి. దాన్ని తప్పించుకోవడానికి ముక్కలు చేయడం, ఆ డబ్బు సక్రమమైనదే అయినా, విడిగా ఒక నేరం.

5. ఖర్చుల కాగితాలు పోనివ్వకండి

రాబడి దాచేవారు తమ ఖర్చులనూ వదులుకోవలసి వస్తుంది. లెక్కలో లేని పనికి కొన్న సామానును లెక్కలో చూపలేరు కదా. పనిముట్లు, ప్రయాణం, ఫోనులో పనికి వాడిన భాగం, సహాయకుడి కూలి, బీమా అన్నీ న్యాయమైన ఖర్చులే. సహాయకుడికి నగదు ఇస్తే సంతకం తీసుకోండి. అతని పేరు మీ పుస్తకంలో లేకపోతే, పని చేస్తూ గాయపడిన రోజున అతనికి దిక్కెవరు?

6. పన్ను సొమ్ము ముందే పక్కన పెట్టండి

ప్రతి వసూలులోంచి కొంత వేరే పొదుపు ఖాతాలోకి మార్చేయండి. భారత్‌లో పైన చెప్పిన సులువు పద్ధతిలో ఉన్నవారికి ముందస్తు పన్ను, అంటే ఆర్థిక సంవత్సరం ముగియకముందే కట్టే పన్ను, మార్చి 15లోపు ఒకేసారి కట్టే వీలుంది. అమెరికాలో ఏడాదికి నాలుగు విడతలు.

7. గడిచిన ఏళ్ల లెక్కను సరిచేసుకోండి

నిద్ర పట్టనివ్వనిది ఈ భాగమే. ‘నోటుకు నోరు లేదు, ఎవరికి తెలుస్తుంది?’ అనుకుంటారు. నోటుకు లేకపోయినా దానితో కొన్నవాటికి ఉంది. అధికారులు మీరు కొన్న సామాను నుంచి వెనక్కి లెక్కిస్తారు: ఇన్ని మీటర్ల తీగ కొన్నారు, చూపించిన పనులకు అందులో సగమే సరిపోతుంది, మిగిలింది ఎక్కడ వాడారు? లేదా ఆస్తి పెరుగుదలకు జీవన ఖర్చు కలిపి, చూపిన ఆదాయంతో పోలుస్తారు. ఈ ఆస్తి లెక్క పద్ధతిని అమెరికా సుప్రీంకోర్టు 1954లో హాలండ్ అనే వ్యక్తి కేసులో ఆమోదించింది. 1989లో క్రిస్టఫర్ పిసారిడిస్, గుగ్లియెల్మో వెబర్ అనే ఆర్థికవేత్తలు బ్రిటన్ కుటుంబాల ఆహార ఖర్చును చూసి, స్వయం ఉపాధిదారుల అసలు ఆదాయం వారు చెప్పినదానికి సగటున 1.55 రెట్లు ఉంటుందని లెక్కగట్టారు.

కాబట్టి వారు అడిగేలోపు మీరే చెప్పండి. ఏడాదికొక కాగితం తీసుకోండి. సామాను దుకాణం నుంచి పాత కొనుగోళ్ల వివరాలు, బ్యాంకు పద్దులు, ఫోనులోని సందేశాలు, పని ఫోటోల మీది తేదీలు కలిపి చూస్తే ఏ నెలలో ఏ పని చేశారో చాలావరకు తిరిగి తెలుస్తుంది. తెలియనిచోట అంచనా వేయండి, అది అంచనా అనే రాయండి. పాత తేదీలతో కొత్త రశీదులు మాత్రం ఎన్నడూ సృష్టించవద్దు. అప్పటిదాకా నిర్లక్ష్యంగా కనిపించినది ఆ క్షణం నుంచి మోసం అవుతుంది.

ఆ కాగితాలతో పన్ను సలహాదారు దగ్గరికి వెళ్లి, అన్నీ దాచకుండా చెప్పండి. భారత్‌లో 2022లో వచ్చిన ‘అప్‌డేటెడ్ రిటర్ను’ సదుపాయాన్ని 2025లో 48 నెలలకు పొడిగించారు. ఎంత ఆలస్యమైతే అంత భారం: కట్టవలసిన పన్ను, వడ్డీలపై అదనంగా 25 శాతం నుంచి 70 శాతం వరకు పడుతుంది. సోదాలు జరిగాక ఈ దారి మూసుకుపోతుంది. బ్రిటన్‌లో అజాగ్రత్త వల్ల జరిగిన తప్పును అడగకముందే ఒప్పుకుంటే జరిమానా, కట్టకుండా వదిలిన పన్నులో 0 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. అడిగాక ఒప్పుకుంటే 15 శాతం నుంచి మొదలవుతుంది. కావాలని దాచినదైతే 20 ఏళ్లు వెనక్కి వెళ్లి తీయగలరు. ఒక్కసారే కట్టలేకపోతే వాయిదాలు అడగండి, చాలా దేశాల్లో ఇస్తారు.

8. కాగితాలు భద్రపరచండి

ఆస్ట్రేలియాలో సాధారణంగా ఐదేళ్లు ఉంచాలి. బ్రిటన్‌లో స్వయం ఉపాధిదారులు ఆ ఏటి రిటర్నుకు గడువైన జనవరి 31 నుంచి కనీసం ఐదేళ్లు ఉంచాలి. దుకాణాల్లో యంత్రం ఇచ్చే నున్నటి కాగితపు రశీదుల మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. కొన్న రోజునే ఫోటో తీసి, నెలవారీగా పెట్టుకోండి. ఫోను పోయినా ఉండేలా ఇంకోచోట కూడా ఒక ప్రతి దాచండి.