వరదలో మునిగిన సాల్వేజ్ టైటిల్ స్పోర్ట్స్ కారు: కొనొచ్చా లేదా ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో పాత కార్ల వేలం చూసేవాళ్లకి ఇది తెలిసిన ఆశే. కార్వెట్టో, పోర్షేనో, బీఎండబ్ల్యూ ఎం3నో ఫొటోల్లో నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ధర చూస్తే మన చేతికి అందేలాగే ఉంటుంది. కాస్త కిందకి వెళ్తే ‘సాల్వేజ్ టైటిల్, వరద నష్టం’ అని రాసి ఉంటుంది. మామూలు కారుతో పోలిస్తే ఇలాంటివి 20 నుంచి 40 శాతం తక్కువకి వస్తాయని లెక్క వేస్తుంటారు. ఆ తగ్గింపు మీకు మిగులుతుందా, రిపేర్లకే పోతుందా అన్నది కొనకముందే తేల్చుకోవచ్చు. ఎలాగో చెబుతాను.

ముందు ఆ ముద్ర అర్థమేమిటో చూద్దాం. రిపేరు చేయించడం గిట్టుబాటు కాదని ఇన్సూరెన్స్ కంపెనీ ‘టోటల్ లాస్’ కింద తేల్చేసిన కారు యాజమాన్య పత్రం మీద రాష్ట్ర ప్రభుత్వం వేసే ముద్రే సాల్వేజ్. ఆ పత్రంతో కారుని రోడ్డెక్కించడం కుదరదు. బాగుచేయించి, తనిఖీ చేయించుకుంటే ‘రీబిల్ట్’ అని మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఆ తనిఖీలో ముఖ్యంగా చూసేది దొంగ విడిభాగాలు వాడారా అన్నదే. అక్కడ వైర్లలో తుప్పుందా అని ఎవరూ చూడరు. కాబట్టి రీబిల్ట్ అని ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ‘సర్టిఫికెట్ ఆఫ్ డిస్ట్రక్షన్’ అని ఉంటే ఆ కారు మళ్లీ రోడ్డు మీదకి రాదు, విడిభాగాలకే పనికొస్తుంది.

1. కాగితాలు తిరగేయండి

17 అక్షరాలూ అంకెలూ ఉన్న విన్ నంబరు, అంటే ఆ కారు గుర్తింపు సంఖ్య, తీసుకోండి. బీమా మోసాలని అరికట్టే ఎన్‌ఐసీబీ అనే సంస్థ వెబ్‌సైటు విన్‌చెక్‌లో ఉచితంగా చూడొచ్చు. న్యాయశాఖ పర్యవేక్షణలో నడిచే ఎన్‌ఎంవీటీఐఎస్ (దేశవ్యాప్త వాహన టైటిళ్ల రికార్డు) నివేదికకి కొద్దిపాటి రుసుము ఉంటుంది, దాన్ని మాత్రం తప్పకుండా తీయించండి. అందులో కారుకి ఏ రాష్ట్రం ఎప్పుడు టైటిల్ ఇచ్చిందో ఉంటుంది. 2005లో కత్రినా, 2012లో శాండీ, 2017లో హార్వీ, 2022లో ఇయాన్ తుపానుల తర్వాత మునిగిన కార్లు దేశమంతా పాకాయి. తీరప్రాంతంలో ఉన్న కారు తుపాను వచ్చిన కొద్ది నెలలకే రాష్ట్రం మారి, కొత్త పత్రంలో ముద్ర మాయమైతే అది ‘టైటిల్ వాషింగ్’ అని అనుమానించాల్సిందే. ముద్ర లేదు కదా అని కారుని నమ్మేయకండి. సమగ్ర బీమా లేని కారు మునిగితే క్లెయిమూ ఉండదు, రికార్డూ ఉండదు.

2. ఏ నీళ్లు? ఎంత ఎత్తుకొచ్చాయి?

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. వాననీళ్లు కార్పెట్ దాకా వచ్చి ఆగిపోతే ఆలోచించవచ్చు. సీటు దాటితే భయపడాలి. డ్యాష్‌బోర్డు మునిగితే మాట్లాడకుండా వెనక్కి తిరగండి. సముద్రపు నీళ్లయితే ఎత్తుతో పనే లేదు, వదిలేయండి. ఉప్పు కనెక్టర్ల లోపల చేరి రాగిని నెలల తరబడి తింటూనే ఉంటుంది. ఈరోజు బాగా నడిచిన కారు ఆరు నెలల తర్వాత హైవే మీద ఏబీఎస్ లైటు వెలిగించి ఆగిపోవచ్చు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇయాన్ తర్వాత ఫ్లోరిడాలో ఉప్పునీళ్లలో మునిగిన ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు వాటంతట అవే అంటుకున్నాయి.

స్పోర్ట్స్ కార్లకి దెబ్బ ఎందుకు ఎక్కువంటే అవి నేలకి బాగా దగ్గరగా ఉంటాయి, కంప్యూటర్లూ కిందే ఉంటాయి. తొలితరం పోర్షే బాక్స్‌టర్‌లో ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ (దొంగ తాళంతో కారు స్టార్టవకుండా ఆపే కంప్యూటర్) సీటు కింద ఉంటుంది. అడుగుభాగంలో కాస్త నీళ్లు నిలిచినా అది పోతుంది, కారు స్టార్టవదు.

3. చేత్తో తడిమి చూడండి

ఒకసారి మిత్రుడి కోసం ఒక కారు చూడ్డానికి వెళ్లాను. కార్పెట్ షాంపూతో కడిగారు, లోపల సెంటు గుప్పుమంటోంది. డ్రైవరు సీటుబెల్టు మెల్లగా చివరిదాకా లాగాను. రోజూ బయటికి రాని ఆఖరి జానెడు భాగంలో అడ్డంగా గోధుమరంగు గీత కనిపించింది. బురదనీళ్లు అక్కడిదాకా వచ్చి నిలిచాయన్నమాట. సీటు ముందుకి జరిపి కింది కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద ఆకుపచ్చటి పొడి, అంటే తుప్పు. మిత్రుడి ముఖం చిన్నబోయింది. అయినా ఆ రోజు అక్కడి నుంచి ఖాళీ చేతులతో రావడమే మేలైంది.

మీరూ అలాగే బెల్టులన్నీ చివరిదాకా లాగండి. సీటు జరిగే పట్టాల బోల్టులు, స్పేర్ టైరు గుంత, హెడ్‌లైట్ల లోపలి నీటి చారలు, డ్యాష్‌బోర్డు వెనక రంగు వేయని ఇనుప బ్రాకెట్లు చూడండి. ఆ బ్రాకెట్లని ఎవరూ శుభ్రం చేయరు, అబద్ధం చెప్పవు.

4. ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వకండి

నడుస్తున్న ఇంజిన్ నీళ్లు మింగినా, లోపల నీళ్లుండగా స్టార్ట్ చేసినా హైడ్రోలాక్ అవుతుంది, అంటే పిస్టన్ కదలకుండా బిగుసుకుపోతుంది. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు తీయించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పించండి. బోరోస్కోప్ అనే సన్నటి కెమెరాతో సిలిండర్ల లోపల చూసి, కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిళ్లు కూడా చూడాలి. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది, చాలామంది దీన్ని మరిచిపోతారు.

కోపార్ట్ వేలంలో ‘రన్ అండ్ డ్రైవ్’ అని ఉంటే, యార్డుకి వచ్చిననాడు స్టార్టయింది, గేరు పడింది, కదిలింది అని మాత్రమే అర్థం.

5. స్కానర్ పెట్టండి

1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన పెట్రోలు కార్లన్నిటికీ ఓబీడీ-2 పోర్టు, అంటే స్కానర్ తగిలించే సాకెట్, ఉంది. ఇంజిన్ ఒక్కటే కాదు, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, బాడీ కంప్యూటర్లని కూడా చదివే స్కానర్ కావాలి. లోపాల కోడ్‌లేమీ లేవు కానీ, కారు తనని తాను పరీక్షించుకుందో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు ‘నాట్ రెడీ’ అంటున్నాయంటే, కాసేపటి క్రితమే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి ఉండొచ్చు. ఎందుకని అడగండి.

6. కొనకముందే బీమా కంపెనీకి ఫోన్

రీబిల్ట్ కారుకి థర్డ్ పార్టీ బీమా దొరకొచ్చు కానీ, సొంత కారు నష్టానికి కవరేజీ ఇవ్వని కంపెనీలు చాలానే ఉన్నాయి. బ్యాంకులు కూడా అప్పివ్వడానికి వెనకాడతాయి. తయారీదారు వారంటీ సాధారణంగా పోయినట్టే. తిరిగి అమ్మేటప్పుడు మీరు కొన్నప్పటి తగ్గింపే మీ కొనుగోలుదారుడూ అడుగుతాడు. ఇవన్నీ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అందుకే నా సలహా సూటిగా చెబుతాను. పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోజూ తిరిగే కారైతే వద్దు. తడిసిన ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ అవసరమైన క్షణంలో పనిచేస్తుందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. రేసు ట్రాక్ కోసం లోపలంతా విప్పేసి రోల్ కేజ్ (బోల్తాపడితే కాపాడే ఇనుప చట్రం) వేయించుకునేవాళ్లకి, లేదా ఇంకో కారుకి సస్పెన్షన్, బ్రేకులు, బాడీ భాగాలు కావాల్సినవాళ్లకి, మంచినీళ్లలో తక్కువ ఎత్తుకి మునిగిన కారు నిజంగా మంచి బేరమే.

కొన్నారంటే నడుపుకుంటూ ఇంటికి తేవొద్దు, ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద తెప్పించండి. తేగానే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. సీట్లు, కార్పెట్ విప్పి బయట ఆరేయండి, కార్పెట్ కింది స్పాంజి వారాల తరబడి నీళ్లు పట్టి ఉంచుతుంది. ఆయిళ్లన్నీ మార్చి, ఇంజిన్ కాసేపు తిప్పి, మళ్లీ మార్చండి. తడిసిన ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలునీ, ఢీకొన్నప్పుడు సీటుబెల్టుని బిగించే ప్రీటెన్షనర్లనీ ఆరబెట్టి వాడకండి, కొత్తవే వేయించండి.