ఫ్రేమ్ తిన్నగానే ఉంది, బొమ్మ వంకరగా కనిపిస్తోంది: సమస్య - పరిష్కారం

ఇరవయ్యో శతాబ్దపు యూరప్ చిత్రకారులు మాండ్రియన్, మలేవిచ్ గీతలు, గళ్లతో వేసిన బొమ్మల ప్రింట్లు ఇప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ కొత్త ఇళ్ల హాళ్లలోకీ వచ్చాయి. ప్రింట్ తీయించడం, ఫ్రేమ్ కట్టించడం, మేకు కొట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నా.

సమస్య: బొమ్మ వంకరగా ఉంది

ముందు ఫ్రేమ్ పై అంచు మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టండి. "కొంచెం ఎడమకి, ఇంకొంచెం" అంటూ సాయంత్రం దాకా జరుపుతారు గానీ, ఈ ఒక్క పని ఎవరూ చేయరు. రసమట్టం లేకపోతే ఫోన్లో ఉంటుంది. బుడగ మధ్యలో లేదంటే సంగతి తేలిపోయింది. ఒక్క మేకు మీద వేలాడే ఫ్రేమ్ తలుపు దెబ్బకే ఒరుగుతుంది, రెండు మేకులు కొట్టండి.

బుడగ మధ్యలోనే ఉన్నా వంకరే కనిపిస్తోందా? అసలు తలనొప్పి ఇదే, నన్ను బాగా ఏడిపించింది కూడా ఇదే. ఫ్రేమ్‌ను వదిలేసి లోపలి గీతను కొలవండి. అంచుకు దగ్గరగా ఉన్న నల్ల గీత ఒకటి తీసుకుని, దాని రెండు చివరల నుంచి ఫ్రేమ్ లోపలి అంచుకు ఎంతెంత దూరమో చూడండి. తేడా వచ్చిందంటే తప్పు గోడదీ కాదు, మేకుదీ కాదు. కాగితం కోసినప్పుడే వంకర పోయింది. ప్రింట్ కొట్టులో కాగితం చుట్ట మీద తీసి చేత్తో కోసేస్తారు, ఫ్రేమ్ కట్టేవాళ్లు ఆ అంచునే నమ్మి బిగిస్తారు. పెళ్లి ఫొటోలో ఆ తేడా ఎవరికీ కనపడదు. పుట్టపాక చేనేత గుడ్డ తేలియా రుమాలులోనూ గళ్లే గానీ, నూలుకు రంగు పాకిన చోట అంచులు చెదిరినట్టుంటాయి కాబట్టి కన్ను పట్టించుకోదు. మాండ్రియన్‌తో ఆ వెసులుబాటు లేదు. 1930లో ఎరుపు, నీలం, పసుపులతో వేసిన బొమ్మ చూడండి, కింద కుడి మూలన పసుపు ముక్క చిన్నదే. అలాంటి చోట 3 మిల్లీమీటర్లు తేడా వస్తే ముక్క ఒకవైపు సన్నబడి, ఒకవైపు లావై కూర్చుంటుంది.

వెనక అట్ట విప్పండి. కాగితం అంచును మరిచిపోయి అచ్చయిన గీత నుంచి కొలిచి, మూలమట్టం, స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో కోయండి. కోయడానికి చోటు లేకపోతే పైన తెల్ల మౌంట్ బోర్డు (మధ్యలో కిటికీలా కోసిన అట్ట) వేయించి, దాని కోతను గీతకు సమంగా పెట్టమనండి. వంకర దాని కింద కప్పబడిపోతుంది. ఇకమీదట నాలుగు వైపులా అంగుళం తెల్ల అంచు వదిలి ప్రింట్ తీయమని ముందే చెప్పండి.

కట్టర్ పట్టే ముందు అసలు బొమ్మ ఎలా ఉందో మాత్రం చూసుకోండి. మలేవిచ్ 1915 నల్ల చతురస్రం భుజాలు అసలులోనే ఫ్రేమ్‌కు సమాంతరంగా ఉండవు. 1918లో తెలుపు మీద వేసిన తెల్ల చతురస్రమైతే కావాలనే వాలి ఉంటుంది. వాటినీ తిన్నగా చేయమని తెచ్చేవాళ్లున్నారు! తలకిందులుగా పెట్టామేమో అని టెన్షన్ పడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మాండ్రియన్ 'న్యూయార్క్ సిటీ 1'ను దశాబ్దాలుగా తలకిందులుగానే వేలాడదీసి ఉంటారని 2022లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ మ్యూజియంవాళ్లే చెప్పారు.

ఫ్రేమే మూలల్లో తప్పడం అరుదు. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి, సమానంగా వస్తే దాని జోలికి పోవద్దు.

సమస్య: తెలుపు పసుపు పచ్చగా మారింది

బొమ్మను పగటిపూట వరండాలోకి తెచ్చి చూడండి. అక్కడ తెల్లగా ఉంటే తప్పు హాల్లోని వార్మ్ బల్బుది. బయటా పసుపే అంటే కాగితం పాడైంది, మళ్లీ ప్రింట్ తీయించాల్సిందే. ఈసారి పడమటి కిటికీ ఎండ పడని గోడ చూసుకోండి.

సమస్య: కాగితం అలలు అలలుగా లేచింది

వానాకాలం తేమకు కాగితం సాగుతుంది. నాలుగు వైపులా టేపు బిగించి ఉంటే అది ఎటు పోవాలి? పై అంచున రెండు చోట్ల మాత్రమే అతికించి కింద వదిలేయండి. బాత్రూమ్ గోడకు అవతలివైపు వేలాడదీశారేమో కూడా చూడండి. గోడ మార్చలేకపోతే ఫ్రేమ్ వెనక కింది మూలల్లో రబ్బరు ముక్కలు అతికించి గాలి ఆడనివ్వండి.

చెదలు, అద్దం లోపల బూజు ఎప్పుడో గానీ రావు. వస్తే ప్రింట్ తీసి ఆరబెట్టి, వెనక అట్ట పారేసి కొత్తది వేయించండి.