కవి రాసిన కుటుంబ చరిత్ర చదవడం – 4వ పాఠం: 'వచ్చింది' ఎవరు?

కవి తన కుటుంబ చరిత్రను చిన్న చిన్న తునకలుగా రాశాడనుకుని చదువుతున్నాం. పోయిన పాఠంలో, ఏడో తునకలో 'వచ్చింది' ఎవరని అడిగితే చాలామంది రాసిన జవాబు 'అత్త'. అందుకే ఈసారి చెప్పాల్సిన వంశవృక్షం పాఠాన్ని ఆపుతున్నాను. ఇది సరిచేసుకోకుండా గీస్తే ఆ చెట్టుకు లేని కొమ్మలు మొలుస్తాయి.

అభ్యాసం కోసం కూర్చిన ఆ మూడు తునకలు మళ్ళీ చూడండి. ఇల్లు హైదరాబాద్‌లో, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉంది.

6. అత్తకు కోపమొస్తే గౌలిగూడ దాకా నడిచి, తిరిగొచ్చేది.

7. తెల్లవారకముందే లోపలికి వచ్చింది. ఎవరినీ పిలవలేదు. వెళ్ళాక గోడమీద ఛాతీ ఎత్తున మట్టి గీత.

15. 1317 ఫసలీ, ఆబాన్. ఆ నెల అద్దె ఎవరూ అడగలేదు.

ఆరులో అత్త ఉంది కాబట్టి ఏడులోనూ ఆమే అనుకున్నారు. తెలుగులో 'వచ్చాడు' అంటే మగవాడే. 'వచ్చింది' అంటే మాత్రం అత్త కావచ్చు, పిల్లి కావచ్చు, జ్వరం కావచ్చు, ఏరు కావచ్చు. వచనం రాసేవాళ్ళు కర్తను చెప్పేస్తారు. కవి కావాలనే తీసేస్తాడు. తునకకూ తునకకూ మధ్య ఉన్న ఖాళీని మనం పక్క తునకలోని మనిషితో నింపేస్తాం. నన్ను బాగా విసిగించే పొరపాటు ఇదే.

క్రియ ముందు మూడు పేర్లు పెట్టి పైకి చదవండి. 'అత్త వచ్చింది': మట్టి గీత దగ్గర ఆగిపోతుంది. 'జ్వరం వచ్చింది': అదీ అక్కడే ఆగుతుంది. 'మూసీ వచ్చింది': చివరిదాకా నిలుస్తుంది. మర్యాద కూడా చూడాలి. పుస్తకమంతా 'అత్తయ్యగారు వచ్చారు' అని రాసిన కవి ఒక్కచోట 'వచ్చింది' అంటే అది ఆవిడ కాదు. ఇక్కడ మాత్రం ఆరులోనే అత్తను 'తిరిగొచ్చేది' అన్నాడు కాబట్టి మర్యాద ఏమీ తేల్చదు.

ఇక పదిహేను. ఫసలీ అంటే నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క. ఆ సంవత్సరం అక్టోబరు మొదట్లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. దాన్ని క్రీస్తుశకంలోకి మార్చాలంటే జనవరి వచ్చేదాకా 590 కలపాలి, ఆ తర్వాత 591. ఆబాన్ చివరి నెల, అంటే సెప్టెంబరు. 1317కు 591 కలిపితే 1908. ఆ సంవత్సరం సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచింది. అందరికీ అలవాటైన 590 కలిపితే 1907 వచ్చి, ఏడో తునకతో ముడి తెగిపోతుంది.

అయితే 'ఎవరినీ పిలవలేదు' అన్న మాట ఏటికన్నా అలిగిన మనిషికే బాగా అతుకుతుంది. ఏడు తర్వాత ఏ తునకలోనూ అత్త లేదు. వరదలో పోయిందని కవి రాయలేదు, మీరూ రాయకండి. ఏడో తునక కోసం పెట్టుకున్న కార్డు మీద ఎడమవైపు 'మూసీ', కుడివైపు 'అత్త?' అని పెన్సిల్‌తోనే రాయండి. పెన్నుతో రాసిన ఊహ రెండు రోజుల్లో నిజంలా కనిపిస్తుంది.

అభ్యాసం: మీ పుస్తకంలో మొదటి 40 పేజీల్లో కర్తలేని '-ఇంది' క్రియలన్నీ ఏరండి. ఒక్కోదానికి మూడేసి పేర్లు పెట్టి పైకి చదవండి. రెండు పేర్లు నిలిచినచోట రెండూ ఉంచండి. వంశవృక్షం కాగితం మాత్రం వచ్చే పాఠం దాకా ఖాళీగానే ఉండాలి.