ఛాప్టర్ సన్మానసభ పని కొత్తగా మీ చేతికి వస్తే: ముందు పేర్లు చూసుకోండి

అమెరికాకు చదువుకోవడానికి వచ్చి ఫ్రాటర్నిటీలో, అంటే కాలేజీ విద్యార్థుల సోదర సంఘంలో, చేరిన తమ్ముళ్ల మీద మొదటి ఏడాదే ఒక పని పడుతుంది. పూర్వ విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారాంతంలోనో, సంఘం పుట్టినరోజైన ఫౌండర్స్ డే విందులోనో తమ ఛాప్టర్‌లో (సంఘం స్థానిక శాఖలో) ఉండి చదివి పైకొచ్చిన నలుగురైదుగురిని పిలిచి సన్మానిస్తారు. "నీకు ఎక్సెల్ బాగా వచ్చుగా" అంటూ జాబితా, ఫలకాలు, నేమ్ ట్యాగులు కొత్తవాళ్లకు అప్పగిస్తారు. హాలు, భోజనాలు, మైకు సీనియర్లు చూసుకుంటారు, వాటి జోలికి పోవడం లేదు. ఇక్కడ చెప్పేదంతా పేర్ల గురించే. ఈ సభలో తప్పు దొర్లితే ముందు అక్కడే దొర్లుతుంది. పైగా అది ఇత్తడి రేకు మీదికెక్కి ఏళ్ల తరబడి గోడకు వేలాడుతుంది.

యూనివర్సిటీ ఇచ్చిన జాబితాను ఉన్నదున్నట్టు ఫలకాలు చేసేవాళ్లకు పంపకండి. మన పేర్ల విషయంలో అసలే వద్దు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, వీసా మీద అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగిపోయి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదని దానర్థం. అదే అడ్మిషన్ రికార్డులోకి, అక్కణ్నుంచి పూర్వ విద్యార్థుల జాబితాలోకి ఎక్కుతుంది. ఇంకో చిక్కు. వెంకట సత్యనారాయణ అని ఉంటే ముందున్న వెంకటే పిలిచే పేరనుకుంటారు ఇక్కడివాళ్లు. ఆయన్ని ఇంట్లోనూ, ఛాప్టర్‌లోనూ అందరూ సత్య అని పిలుస్తుండవచ్చు. దక్షిణాసియా విద్యార్థులు పెట్టుకున్న ఫ్రాటర్నిటీల్లో సిగ్మా బీటా రో 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మొదలయ్యాయి. తొలి బ్యాచ్‌ల వాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. ఫలకాల మీద మన పేర్లు ఎక్కే కాలం ఇది. తెలుగువాళ్లయి ఉండి మీరే ఈ తప్పు పట్టుకోకపోతే ఇంకెవరు పట్టుకుంటారు?

సభకు ఆరు వారాల ముందే సన్మానం అందుకునేవారికి ఒక్కొక్కరికీ విడిగా మెయిల్ రాయండి. ఫలకం మీద పేరు ఎలా ఉండాలో వారినే టైప్ చేసి పంపమనండి. డిగ్రీ పూర్తయిన సంవత్సరం, ఛాప్టర్‌లో దీక్ష తీసుకున్న (లాంఛనంగా సభ్యులైన) సంవత్సరం, ప్రస్తుత హోదా అడగండి. తమ పేరును తామే పలికిన పది సెకన్ల వాయిస్ రికార్డింగ్ కూడా అడగండి. మొహమాటపడకండి. అడిగారని ఎవరూ నొచ్చుకోరు, అడగకుండా తప్పు రాస్తే నొచ్చుకుంటారు.

సంవత్సరాలు రెండెందుకని అడిగేవాళ్లుంటారు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చేరింది 1947లో. మధ్యలో నౌకాదళం పిలిచింది, కొరియా యుద్ధంలో విమానాలు నడిపి తిరిగొచ్చి 1955లో పట్టా అందుకున్నారు. చేరిన ఏడాదికి నాలుగు కలిపి 1951 అని రాసేస్తే తప్పే. అక్కడి ఫై డెల్టా థీటా ఫ్రాటర్నిటీ ఛాప్టర్ సభ్యుడాయన. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ 1948లో మోర్‌హౌస్‌ కాలేజీలో డిగ్రీ పూర్తి చేశారు కానీ, ఆల్ఫా ఫై ఆల్ఫా ఫ్రాటర్నిటీలో చేరింది 1952లో, బోస్టన్‌లో డాక్టరేట్ చదువుతుండగా, సిగ్మా ఛాప్టర్‌లో. కాలేజీని బట్టి ఛాప్టర్‌ను ఊహించి రాశారో, పక్కవాళ్ల గౌరవాన్ని మీ గోడకు తగిలించుకున్నట్టే. జూనియర్, థర్డ్ లాంటివి కూడా వదలకండి. తండ్రీకొడుకులిద్దరూ ఒకే ఛాప్టర్‌లో ఉండటం ఇక్కడ మామూలే. ఆ ఒక్క మాట ఎగిరిపోతే కొడుక్కి దక్కాల్సిన సన్మానం తండ్రికి పోతుంది.

చనిపోయినవారి పేర్లు వేరే కాగితం మీద పెట్టుకోండి. ఆల్ఫా ఫై ఆల్ఫాలో కన్నుమూసిన సోదరుడు ఒమేగా ఛాప్టర్‌లో చేరాడంటారు, ఫై డెల్టా థీటాలో ఛాప్టర్ గ్రాండ్ అంటారు. మీ సంస్థలో ఏమంటారో కనుక్కుని ఆ మాటే వాడండి. ఆహ్వానాలు పంపే ముందు జాబితాను ఈ కాగితంతో సరిపోల్చండి. పోయిన మనిషి పేరు మీద ఆహ్వానం వెళితే తలుపు తీసి అందుకునేది ఆయన భార్యే.

ఇక ఫలకం. ఎక్కువగా వాడేది ఎనిమిదికి పది అంగుళాల చెక్క, దానిమీద ఇత్తడి రేకు. నాలుగైదు వరసలకు మించి రాయిస్తే అక్షరాలు చిన్నవై దూరానికి కనపడవు. మూడు వారాల ముందే ఆర్డరివ్వండి. అక్షరాలు చెక్కే ముందు వాళ్లు పంపే ప్రూఫ్‌ను (నమూనాను) మీరొక్కరే చూసి సరే అనేయకండి. ఒకరు ఆ వ్యక్తి పంపిన మెయిల్ చూస్తూ అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫ్ మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఒకే మనిషి రెండూ చూస్తే కన్ను తప్పును దిద్దుకుని చదివేస్తుంది. సంవత్సరం నాలుగంకెల్లోనే వేయించండి.

వేదిక మీద పిలిచే మనిషికి వాయిస్ రికార్డింగ్ వినిపించి, కనీసం మూడుసార్లు పలికించండి. కాగితం మీద పేరును ముక్కలుగా విడగొట్టి, సాగదీయాల్సిన ముక్కను పెద్ద అక్షరాల్లో రాయండి. పరిచయం ఇంగ్లీషులో 150 పదాలు దాటకూడదు, చదవడానికి నిమిషం పైన పడుతుంది. మన సభల్లోలా బహుముఖ ప్రజ్ఞాశాలి అంటూ మొదలుపెడితే ఇక్కడ ఎవరికీ ఏమీ అర్థంకాదు. ఆయన చేసిన ఒక్క పని, ఏ ఏడాది, ఎవరికి మేలు జరిగింది. అంతే.

నేమ్ ట్యాగ్ కుడివైపు పెట్టాలి. చెయ్యి కలిపేటప్పుడు చూపు అటే పోతుంది. ఎడమవైపు, గుండె మీద, సభ్యుల బ్యాడ్జి ఉంటుంది. దీక్ష కాకముందు ఆ బ్యాడ్జి మీరు పెట్టుకోకూడదు.

మిగతావి రెండు ముక్కల్లో. ఇరవై ఒకటి నిండకపోతే మందు గ్లాసు ముట్టుకోవద్దు. తాగి బండి నడుపుతూ పట్టుబడితే కోర్టు తేల్చకముందే ఎఫ్-1 (విద్యార్థి) వీసా రద్దు కావచ్చు. ఫొటోలు తీసినందుకు డబ్బులిస్తామంటే వద్దనండి, అనుమతి లేని పని కిందికి వస్తుంది. ఆ రాత్రి ఎవరికీ రెజ్యూమె ఇవ్వకండి. మర్నాడు కృతజ్ఞతలు చెబుతూ మెయిల్ రాయండి, ఉద్యోగం ఊసు తర్వాత.

ఇంత చేసినా ఒక అక్షరం తప్పు పోవచ్చు. పోతే కొంపేం మునగదు. దాచకండి, ఆయన వేదిక ఎక్కకముందే దగ్గరికెళ్లి చెప్పండి. వేదిక మీద ఆ ఫలకాన్నే ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకోండి. సాధారణంగా రేకు ఒక్కటే మారిస్తే సరిపోతుంది, చెక్క అలాగే ఉంటుంది. కొత్త రేకు వేయించి, వారంలోగా మీ చేతిరాతతో చీటీ పెట్టి పోస్టు చేయండి. పార్సిల్ మీద పేరు కూడా ఆయన టైప్ చేసి పంపినట్టే రాయండి.