గొర్రె తొడ, బంగాళాదుంపలు, వెల్లుల్లి: ఓవెన్‌లో మాడకుండా వండడం ఎలా?

ఓవెన్‌లో కాల్చిన గొర్రె తొడను తెచ్చి బల్ల మీద పెట్టగానే మాడిన వెల్లుల్లి వాసన వచ్చిందంటే ఆ వంట చెడిపోయినట్టే. మాంసం ఎంత మెత్తగా ఉడికినా, దుంపలు ఎంత కరకరలాడినా ఆ చేదు నాలుకను వదలదు. బెంగళూరులో మా ఇంట్లోనూ, తెలిసిన తెలుగువారి ఇళ్లలోనూ ఈ వంటకాన్ని నేను ఎన్నోసార్లు వండాను, ఎన్నోసార్లు తిన్నాను. పాడైన ప్రతిసారీ కారణం దాదాపు ఒకటే: వెల్లుల్లిని మొదట్లోనే, నూరి, మాంసం పైన పట్టించారు. మన కూరల్లో అల్లం వెల్లుల్లి ముద్దకు ఉన్న స్థానమే ఇక్కడా ఉంటుందనుకోవడం ఆ పొరపాటుకు మూలం. అందువల్ల మిగిలిన పనులను క్లుప్తంగా చెప్పి, వెల్లుల్లి దగ్గర మాత్రం నిలబడి చెబుతాను.

ఐదుగురికి సరిపడే వంటకు ఎముకతో ఉన్న ఒకటిన్నర కిలోల గొర్రె తొడ, కిలో బంగాళాదుంపలు, రెండు వెల్లుల్లి గడ్డలు, ఐదారు రోజ్‌మేరీ రెమ్మలు, గుప్పెడు థైమ్ (రెండూ విదేశీ సువాసన ఆకులు), రెండు పెద్ద ఉల్లిపాయలు, ఒక నిమ్మకాయ, ఉప్పు, మిరియాలు, నాలుగు పెద్ద చెంచాల నూనె, చివర చల్లడానికి కొంచెం పుదీనా కావాలి. లోతైన ఓవెన్ పళ్లెం, అల్యూమినియం ఫాయిల్, సన్నని మొన ఉన్న చిన్న చాకు ఉంటే చాలు. రోజ్‌మేరీ, థైమ్ శివాజీనగర్‌లోని రస్సెల్ మార్కెట్‌లోనూ, పెద్ద కూరగాయల దుకాణాల్లోనూ దొరుకుతాయి. సీసాల్లో అమ్మే ఎండు ఆకు ఈ వంటకు పనికిరాదు. పచ్చి రెమ్మలు దొరకని వారం ఈ వంటను మానుకోవడమే మంచిది.

మాంసం కొనడం

మటన్ అని అడిగితే మన దేశంలో మేకైనా ఇస్తారు, గొర్రె అయినా ఇస్తారు. ఈ వంటకు గొర్రె మాంసమే కావాలి, ఎందుకంటే మేక మాంసంలో కొవ్వు తక్కువ, పొడి వేడిలో అది త్వరగా ఎండిపోతుంది. బెంగళూరు అంగళ్లలో ‘కురి’ అంటే గొర్రె, ‘మేకె’ అంటే మేక, ‘మరి’ అంటే పిల్ల. ఈ మూడు కన్నడ మాటలు తెలిసి ఉంటే అడగడం సులువు. వెనక తొడను ముక్కలు కొట్టకుండా మొత్తంగా ఇమ్మని ముందే చెప్పాలి, లేకపోతే మాట ముగిసేలోగా కత్తి పడిపోతుంది. పిక్క ఎముకను మాత్రం కీలు దగ్గర కోయించుకుంటే చిన్న ఓవెన్‌లో కూడా తొడ పడుతుంది. రెండున్నర కిలోలు దాటిన తొడ వయసు ముదిరిన జంతువుది కావచ్చు, దాన్ని కూరకు వదిలేయాలి. దొరికితే బన్నూరు గొర్రెను ఎంచుకోవాలి. మండ్య జాతి అని కూడా పిలిచే ఈ పొట్టి గొర్రె మాంసం మెత్తదనానికి పేరు పొందింది. మన నెల్లూరు గొర్రె పొడవైన కాళ్లు గల జాతి; దాని మాంసంతో పులుసు అద్భుతంగా కుదురుతుంది గాని, ఈ వంటకు నేను బన్నూరు గొర్రెనే కొంటాను.

ఆదివారం ఉదయం వరుసలో నిలబడి కొన్న మాంసాన్ని ఆ మధ్యాహ్నమే ఓవెన్‌లో పెట్టకూడదు. జంతువును కోసిన కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకుంటాయి, ఆ బిగువు సడలడానికి ఫ్రిజ్‌లో ఒక రోజైనా పడుతుంది. శనివారం ఉదయమే కొని, పైనున్న తెల్లని పొరను చాకుతో తీసేసి, మూడు చిన్న చెంచాల ఉప్పు, ఒక చిన్న చెంచా మిరియాల పొడి అంతటా రుద్ది, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచితే ఆదివారానికి ఉప్పు లోపలికి దిగుతుంది, పైభాగం ఆరుతుంది. కొవ్వును మాత్రం తీయకూడదు. పెరుగు, పసుపు, గరం మసాలా పట్టించకూడదు. తడి ఉన్నంతసేపు మాంసం ఎర్రబడదు, ఉడుకుతుంది. మసాలా చేరితే అది మంచి వంటకమే కావచ్చు, కానీ వేరే వంటకం.

ఎర్రగా కాల్చడం

వండడానికి గంట ముందు మాంసాన్ని బయట పెట్టాలి. ఇనుప పెనాన్ని బాగా కాచి, రెండు చెంచాల నూనె వేసి, గుడ్డతో తుడిచిన తొడను కొవ్వు ఉన్న వైపు మొదట పెట్టి, అన్ని పక్కలా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చాలి. మొత్తం పన్నెండు, పదిహేను నిమిషాలు పడుతుంది. పెనం పట్టనంత పెద్ద తొడ అయితే 230 డిగ్రీల ఓవెన్‌లో 20 నిమిషాలు ఉంచవచ్చు. పెనం మీద కాల్చినదానికి వచ్చే రంగు ఓవెన్‌లో రాదు కాబట్టి పెనమే సరైన పద్ధతి.

ఈ సమయానికి వెల్లుల్లి గాని, రోజ్‌మేరీ గాని మాంసాన్ని తాకి ఉండకూడదు.

వెల్లుల్లి

చాలా వంటల పుస్తకాలు మొదట మాంసానికి గాట్లు పెట్టి, వెల్లుల్లి దూర్చి, ఆ తరువాత కాల్చమంటాయి. అది తలకిందుల పద్ధతి. మాంసం ఎర్రబడాలంటే దాని పైభాగం 140 డిగ్రీలు దాటాలి, పెనం 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వెల్లుల్లిలో చక్కెర జాతి పదార్థాలు ఎక్కువగా ఉంటాయి. ఆ వేడిలో పలుచని ముక్క తడి ఆరిన నిమిషంలోనే గోధుమ రంగు దాటి నల్లబడుతుంది. గాటులోంచి ఒక్క ముక్క కొన బయటికి పొడుచుకొని ఉన్నా అది మాడుతుంది, ఆ మాడు కొవ్వులో కలుస్తుంది, తరువాత అదే కొవ్వులో దుంపలు వేగుతాయి. నిమ్మరసం పిండినా, చక్కెర వేసినా ఆ చేదు విరగదు. మాంసం మొదట ఎర్రబడాలి, వెల్లుల్లి తరువాతే చేరాలి.

జయనగర్‌లో మా బంధువుల ఇంట్లో ఒక పండుగ రోజు జరిగింది చెబుతాను. ఆ ఇంటి ఇల్లాలు నాకు పిన్ని వరస, మాంసం వండడంలో ఆమెకు సాటి వచ్చేవారు మా వైపు తక్కువ. ఆమె పదిహేను రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, నూనెలో కలిపి, తొడకంతా పట్టించి 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టింది. పావుగంటకు ఇల్లంతా తాలింపు వాసన కమ్మగా నిండింది, అందరూ మెచ్చుకున్నారు. ఇంకో పావుగంటకు ఆ వాసనలో కాగితం కాలినట్టు ఒక ఘాటు చేరింది. నేను వెళ్లి చూసేసరికి తొడ మీద నల్లని గింజల్లా వెల్లుల్లి అంటుకొని ఉంది. చెంచాతో గీకి తీశాం, అయినా మాంసంలోకి అప్పటికే ఇంకిపోయింది. ఐదుగురు తినాల్సిన మంచి మాంసం ఆ రోజు సగానికి సగం మిగిలిపోయింది. ఆమె చేతిలో లోపం లేదు. పులుసు కుండలో నీళ్లు వెల్లుల్లిని కాపాడతాయి, ఓవెన్‌లో కాపాడేది ఏదీ ఉండదు.

కాబట్టి ఇలా చేయాలి. కాల్చిన తొడను పళ్లెంలోకి తీసి పది నిమిషాలు ఆరనివ్వాలి. ఒక గడ్డలోంచి ఎనిమిది రెబ్బలు ఒలిచి, ఒక్కొక్కదాన్ని నిలువుగా రెండుగా చీల్చాలి. మధ్యలో పచ్చని మొలక కనిపిస్తే చాకు మొనతో తీసేయాలి, పాత వెల్లుల్లిలో ఆ మొలక వగరుగా ఉంటుంది. ఊటీ వెల్లుల్లి రెబ్బలు పెద్దవి, ఒలవడం సులువు, అందుకే ఈ వంటకు అవే వాడాలి. తరువాత చిన్న చాకును మాంసంలోకి నిట్టనిలువుగా గాక కొంచెం ఏటవాలుగా, చూపుడు వేలి రెండు కణుపుల లోతు దించాలి. చాకును తీయకుండా పక్కకు కొద్దిగా ఒరిగిస్తే గాటు నోరు తెరుచుకుంటుంది. ఆ సందులో నాలుగైదు రోజ్‌మేరీ ఆకులు, వాటి వెనక వెల్లుల్లి బద్ద పెట్టి, చాకు తీసేసి, బద్ద కనిపించకుండా పోయేదాకా వేలితో లోపలికి నెట్టాలి. వేలు తీయగానే ఏటవాలు గాటు దానంతట అదే మూసుకుంటుంది. నిట్టనిలువు గాటు అలా మూసుకోదు, మాంసం ముడుచుకున్నప్పుడు వెల్లుల్లిని బయటికి కక్కేస్తుంది. తొడ అంతటా ఇలాంటి గాట్లు పదహారు ఉంటే సరిపోతుంది. అంతకు మించితే రసం కారిపోతుంది. పూర్తయ్యాక తొడను వెలుతురులో తిప్పి చూసి, తెల్లగా ఎక్కడైనా కొన కనిపిస్తే మళ్లీ నెట్టాలి. ఈ చివరి చూపును ఎప్పుడూ వదిలేయకూడదు.

వెల్లుల్లిని నూరకుండా బద్దలుగా పెట్టమనడానికి ఇంకో కారణం ఉంది. దాని ఘాటు రెబ్బలో సిద్ధంగా ఉండదు. కోసినప్పుడు, దంచినప్పుడు లోపలి ఎంజైమ్ ఒకటి వేరే పదార్థంతో కలిసి దాన్ని పుట్టిస్తుంది. ఎంత మెత్తగా నూరితే అంత ఘాటు. బద్దగా పెట్టినది మాంసం లోపల రెండు మూడు గంటలు మెల్లగా ఉడికి తియ్యబడుతుంది. ముద్ద చేసే సౌకర్యం కోసం ఆ తియ్యదనాన్ని వదులుకోవడం నాకు అర్థం కాదు.

మిగిలిన గడ్డ రెబ్బలను ఒలవకుండా, పొట్టుతోనే పక్కన పెట్టాలి. అవి దుంపలతో పాటు, అదీ చివరి భాగంలోనే ఓవెన్‌లోకి వెళ్తాయి. పొట్టు వాటికి కవచం. మరో హెచ్చరిక: వెల్లుల్లి వేసిన నూనెను ముందుగా చేసి గది వేడిలో రోజుల తరబడి నిల్వ ఉంచకూడదు, అందులో ప్రమాదకరమైన విషం పుట్టించే సూక్ష్మజీవులు పెరగగలవు.

నెమ్మదిగా ఉడికించడం

లోతైన పళ్లెంలో ఉల్లిపాయ చక్రాలు, థైమ్ కాడలు, మిగిలిన రోజ్‌మేరీ రెమ్మలు పరిచి, వాటి మీద తొడ పెట్టి, ఒకటిన్నర గ్లాసు నీళ్లు పక్కనుంచి పోయాలి. ఆకులు మాంసం కింద ఉండాలి, పైన కాదు. రెండు పొరల ఫాయిల్‌తో అంచులు బిగించి, 150 డిగ్రీల ఓవెన్‌లో రెండున్నర గంటలు ఉంచాలి. మధ్యలో తెరిచి చూడకూడదు. తరువాత ఎముక పక్కన చెంచా గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి, దిగకపోతే ఇంకో అరగంట. ఓవెన్ లేనివారు మందపాటి అడుగున్న గిన్నెలో ఇదంతా పేర్చి, మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, కింద పెనం పెట్టి సన్నని మంట మీద అంతే సేపు ఉంచవచ్చు. ప్రెషర్ కుక్కర్ మాత్రం వద్దు. అందులో కండ మెత్తబడుతుంది గాని, ఆ తీవ్రమైన వేడికి రసమంతా నీళ్లలోకి పోయి పీచు మిగులుతుంది.

దుంపలు

తొక్క ముదిరిన దుంపలు కావాలి. వానాకాలం చివర హాసన్ నుంచి వచ్చే కొత్త దుంపలు కూరకు బాగుంటాయి, కానీ తొక్క పలుచన, నీరు ఎక్కువ. చల్లని గిడ్డంగిలో చాలాకాలం ఉన్న దుంపల్లో పిండి కొంత చక్కెరగా మారి ఉంటుంది, అవి కరకరలాడేలోపే నల్లబడతాయి; కోసి నమిలితే తియ్యగా తగిలినవి పక్కన పెట్టాలి. తొక్క తీసి, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేసి, ఉప్పు నీళ్లలో అంచులు విచ్చుకునేదాకా ఉడికించాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పుస్తకంలో పది నిమిషాలని ఉంటే ఇక్కడ పన్నెండు పెట్టుకోవాలి. నీళ్లు వంపి, గిన్నెను మూతతో పట్టుకొని నాలుగుసార్లు ఊపితే అంచులు గరుకుగా అవుతాయి, ఆ గరుకే తరువాత కరకర. ఐదు నిమిషాలు ఆవిరి పోనివ్వాలి.

తొడను తీసి ఫాయిల్‌లో చుట్టి పెట్టాలి. పళ్లెంలోని రసాన్ని వడకట్టి, పైకి తేలిన కొవ్వును చెంచాతో తీసి, మిగిలిన రెండు చెంచాల నూనెతో కలిపి అదే పళ్లెంలో 210 డిగ్రీల దగ్గర కాచాలి. దుంపలు వేసినప్పుడు సుయ్‌మనాలి. ఆ శబ్దం రాకపోతే కొవ్వు ఇంకా కాగలేదన్నమాట. పాతిక నిమిషాల తరువాత దుంపలను తిప్పి, అప్పుడే పొట్టు వెల్లుల్లిని చేర్చి, ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాలి. చివరి పది నిమిషాలు తొడను కూడా దుంపల మీద పెడితే పైభాగం మళ్లీ ఆరి మెరుస్తుంది. ఈ పది నిమిషాలూ ఓవెన్ దగ్గరే ఉండి వాసన చూస్తూ ఉండాలి. తియ్యని వాసన ఘాటుగా మారబోతోందనిపిస్తే గడియారంతో పని లేదు, తీసేయాలి.

వడకట్టిన రసాన్ని చిన్న గిన్నెలో సగమయ్యేదాకా మరిగించి, దించాక నిమ్మరసం పిండాలి. మాంసాన్ని పీచుకు అడ్డంగా కోసి, రసం మాంసం మీద మాత్రమే పోసి, దుంపల మీద పోయకుండా వడ్డించాలి. పుదీనాను వడ్డించే ముందే తుంపి చల్లాలి, వేడిలో అది నల్లబడుతుంది. పొట్టు వెల్లుల్లి రెబ్బను ఒక్కొక్కరి పళ్లెంలో రెండేసి పెట్టి, మొదలు దగ్గర వేలితో నొక్కమనాలి. లోపలి గుజ్జు లేత తేనె రంగులో వెన్నలా జారి వస్తుంది, దాన్ని మాంసం ముక్కకు రాసుకొని తినాలి.