విమర్శకుల రివ్యూలను ఏపీఐతో తెచ్చుకునే ముందు

ఏపీఐ (ఒక సైట్ దగ్గరున్న సమాచారాన్ని మన ప్రోగ్రామ్ నేరుగా అడిగి తెచ్చుకునే దారి) ద్వారా సినిమా, టీవీ రివ్యూలు తెచ్చి చూపించే యాప్ గానీ సైట్ గానీ కడుతున్నవాళ్లకు మొదటి టెన్షన్ సర్వర్ పడిపోతుందేమోనని. సర్వర్ పడితే కాసేపట్లో తెలిసిపోతుంది, లేపుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా నెలల తరబడి సాగే తప్పులు వేరే ఉన్నాయి. ఒక సినిమాకు రాసిన రివ్యూ అదే పేరున్న మరో సినిమా కింద కనబడుతుంది. రేటింగే ఇవ్వని విమర్శకుడు సున్నా ఇచ్చినట్టు సగటులో కలిసిపోతాడు. పేజీ చక్కగానే తెరుచుకుంటుంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఒక మనిషి సినిమా చూసి, ఆలోచించి, తన పేరు పెట్టి రాసిన మాట మాత్రం మన కోడ్ దాటేసరికి ఇంకో మాట అయిపోతుంది. అవార్డుల సీజన్ మొదలయ్యేలోపు, లేదా మీ యాప్ జనంలోకి వెళ్లేలోపు, ఆ మాట చెడకుండా చేరే ఏర్పాట్లు చూసుకోండి.

వచ్చేది నిజంగా విమర్శకులదేనా?

డాక్యుమెంటేషన్‌లో 'రివ్యూస్' అని కనబడగానే పని అయిపోయిందనుకోకండి. సినిమాల, సిరీస్‌ల వివరాలిచ్చే సైట్ టీఎమ్‌డీబీ ఏపీఐలో ప్రతి సినిమాకూ రివ్యూలు అడిగే వీలుంది, కానీ అవి ఆ సైట్ వాడేవాళ్లు రాసినవి. ఓఎమ్‌డీబీ అనే మరో సినిమా ఏపీఐ రివ్యూ పాఠం ఇవ్వదు. ఐఎమ్‌డీబీ, రాటెన్ టొమేటోస్, మెటాక్రిటిక్ స్కోర్లు ఇస్తుంది. వాటిలో మొదటిది ప్రేక్షకుల ఓట్లతో వచ్చింది, మిగతా రెండూ విమర్శకుల నుంచి వచ్చినవి. మూడింటినీ ఒకే వరుసలో పెట్టి పైన 'విమర్శకులు ఏమన్నారు' అని రాస్తే అది అబద్ధం.

ఒక పత్రికలో పనిచేసే విమర్శకుల అసలు రివ్యూలు కావాలంటే ఆ పత్రిక సొంత ఏపీఐకే వెళ్లడం మేలు. బ్రిటన్ పత్రిక గార్డియన్‌కు ఓపెన్ ప్లాట్‌ఫామ్ ఉంది. అందులో సినిమా విభాగం, టీవీ విభాగం విడివిడిగా ఉంటాయి. రివ్యూలకు ప్రత్యేకమైన ట్యాగ్ ఉంటుంది, అడిగితే స్టార్ రేటింగ్ కూడా ఇస్తుంది. న్యూయార్క్ టైమ్స్ ఒకప్పుడు సినిమా రివ్యూలకే విడిగా ఒక ఏపీఐ నడిపింది. ఇంటర్నెట్‌లో దొరికే ట్యుటోరియల్స్‌లో చాలావాటికి అదే ఆధారం. ఇప్పుడది లేదు. పాత కోడ్ తెచ్చి అతికించి, పనిచేయక, కీలో (ఏపీఐ వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతంలో) తప్పుందేమోనని గంటలు గంటలు వెతకకండి. వాళ్ల ఆర్టికల్ సెర్చ్ ఏపీఐలో వ్యాసం రకం 'రివ్యూ' అని ఫిల్టర్ పెట్టి వెతకవచ్చు. అయితే ఆ ఫిల్టర్ ఒక్కటే పెడితే పుస్తకాల రివ్యూలు, నాటకాల రివ్యూలు కూడా వచ్చి పడతాయి. విభాగం పేరు కూడా తప్పనిసరిగా కలపండి.

రాటెన్ టొమేటోస్ డేటా కావాలంటే లైసెన్స్ తీసుకోవాలి. మెటాక్రిటిక్‌కు అందరికీ తెరిచిన అధికారిక ఏపీఐ లేదు. ఆ సైట్లను స్క్రేప్ చేసి (పేజీల్లోంచి ప్రోగ్రామ్‌తో సమాచారం లాగేసి), దానికి ఏపీఐ అని పేరు పెట్టి అమ్మేవాళ్లు కొందరుంటారు. డబ్బు కట్టాం కాబట్టి హక్కు వచ్చేసిందని భ్రమపడవద్దు. అమ్మేవాడికే లేని హక్కు మీకు రాదు, పైగా ఆ సైట్ డిజైన్ మారిన రోజు మీ యాప్ ఖాళీ అవుతుంది.

పేరును నమ్మకండి

ఈ మొత్తం పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే. సినిమా పేరుతో వెతికి, వచ్చిన మొదటి ఫలితాన్ని తీసుకునే కోడ్ ఏదో ఒకరోజు తప్పుడు రివ్యూ చూపిస్తుంది. 'ఎ స్టార్ ఈజ్ బార్న్' అనే పేరుతో 1937, 1954, 1976, 2018లలో నాలుగు సినిమాలు వచ్చాయి. 'డ్యూన్' 1984లో సినిమా, 2000లో టీవీ మినీ సిరీస్, 2021లో మళ్లీ సినిమా. 'ఫార్గో' 1996లో సినిమాగా, 2014 నుంచి టీవీ సిరీస్‌గా ఉంది. పేరొక్కటే చూసే ప్రోగ్రామ్‌కు ఇవన్నీ ఒకటే.

కాబట్టి మీ డేటాబేస్‌లో ప్రతి సినిమాకూ ఒక స్థిరమైన గుర్తింపు ఉండాలి. చాలామంది ఐఎమ్‌డీబీ ఐడీ వాడతారు, అది మంచి అలవాటు. దాన్ని ఎప్పుడూ అక్షరాలుగానే నిల్వ చేయండి. ముందున్న 'tt' అనే రెండు అక్షరాలు తీసేసి అంకెగా మారిస్తే మొదట్లోని సున్నాలు పోతాయి. ఏడంకెలే ఉంటాయని కోడ్‌లో గట్టిగా రాసిపెట్టినా ఇబ్బందే, ఎనిమిదంకెల ఐడీలు కూడా వస్తున్నాయి. ఇంకో సంగతి, ఆ ఐడీ చూసి అది సినిమానో సిరీసో చెప్పలేం. ఆ వివరం విడిగా ఉంచుకోవాలి.

పత్రికల ఏపీఐలు మాత్రం ఈ ఐడీ ఇస్తాయన్న నమ్మకం లేదు. అవి ఇచ్చేది హెడ్‌లైన్, తేదీ, రాసినవారి పేరు, లింకు, కొన్ని ట్యాగులు. అప్పుడు పేరుతో పాటు విడుదలైన సంవత్సరం, దర్శకుడి పేరు, రివ్యూ తేదీ కలిపి సరిచూడాలి. రివ్యూ తేదీనీ గుడ్డిగా నమ్మలేం. చిత్రోత్సవంలో చూసి రాసిన రివ్యూ థియేటర్ విడుదలకు నెలల ముందే వచ్చి ఉండవచ్చు. పాత సినిమా మళ్లీ విడుదలైనప్పుడు దశాబ్దాల తర్వాత కొత్త రివ్యూ రాస్తారు. సంవత్సరం కాస్త అటూ ఇటూ అయినంత మాత్రాన తోసేయకండి, అలాగని సరిపోయిందనీ తేల్చేయకండి. అనుమానం ఉన్నవన్నీ ఒక పక్కన పెట్టి మనిషి చేత చూపించండి. జత కుదరని రివ్యూను చూపించకపోతే పాఠకుడికి కొంచెం తక్కువ సమాచారం అందుతుంది. తప్పుగా జతచేస్తే ఆ విమర్శకుడి పేరు మీద అబద్ధం అందుతుంది.

అంకెల వెనక అర్థం

స్కోర్లను కలిపి సగటు తీయాలని అందరికీ అనిపిస్తుంది. తీసేముందు ఒక్కో అంకె ఏం చెబుతోందో తెలుసుకోండి. రాటెన్ టొమేటోస్ శాతం సినిమాకు వేసిన మార్కు కాదు. ఎంతమంది విమర్శకులు మొత్తమ్మీద మెచ్చుకున్నారో చెప్పే శాతం అది. 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 'ఫ్రెష్'. పదిమంది విమర్శకులూ 'ఫర్వాలేదు, చూడొచ్చు' అన్నంత మాత్రానే 100 శాతం వస్తుంది. ఎనిమిదిమంది గొప్ప సినిమా అని పొంగిపోయి, ఇద్దరు బాగాలేదంటే 80 శాతం. మెటాక్రిటిక్‌ది వేరే దారి. ప్రతి రివ్యూనూ నూటికి ఇంత అని మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇచ్చి సగటు కడుతుంది, ఏ పత్రికకు ఎంత బరువో బయటపెట్టదు. ఈ రెండు అంకెలనూ కూడి రెండుతో భాగిస్తే వచ్చేదానికి అర్థమే లేదు. వేర్వేరుగా, వాటి పేర్లతోనే చూపించండి.

స్టార్లతోనూ ఇదే తంటా. కొన్ని చోట్ల నాలుగు స్టార్లకు లెక్క, కొన్ని చోట్ల ఐదింటికి. మూడు స్టార్లు అంటే ఒకచోట 75 శాతం, ఇంకోచోట 60. రేటింగ్‌తో పాటు 'ఎంతకు' అన్నది కూడా ఒక గడిలో దాచుకోకపోతే తర్వాత దాన్ని తిరిగి కనిపెట్టడం చాలా కష్టం. అక్షరాల గ్రేడ్లకైతే ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మెటాక్రిటిక్ బీ గ్రేడును 75గా, సీ గ్రేడును 50గా తీసుకుంటుంది. మీరు మరోలా తీసుకుంటే ఆ పట్టికను పాఠకులకు కనబడేలా పెట్టండి.

లేని రేటింగ్‌ను సున్నా చేయకండి. ఓఎమ్‌డీబీ సమాచారం లేనిచోట 'ఎన్/ఏ' అనే అక్షరాలు పంపుతుంది. దాన్ని అంకెగా మార్చే ఫంక్షన్ కొన్ని భాషల్లో నోరు మెదపకుండా సున్నా చేతిలో పెడుతుంది. ఉన్న స్కోర్లు కూడా ఒకటి శాతంగా, ఒకటి నూటికి, ఒకటి పదికి, అన్నీ అక్షరాల రూపంలోనే వస్తాయి. న్యూయార్క్ టైమ్స్ పాత ఏపీఐలో 'క్రిటిక్స్ పిక్' అని ఒక గడి ఉండేది, అందులో 1 లేదా 0. ఆ 0 చూసి సినిమా బాగాలేదని రాశారనుకుంటే పొరపాటే. ప్రత్యేకంగా ఎంపిక చేయలేదనే దానర్థం. అప్పట్లో దించుకున్న ఫైళ్లు ఇంకా వాడుతున్నవాళ్లు ఈ గడిని ఒకసారి తిరిగి చూసుకోవాలి.

రేటింగ్ లేని రివ్యూను సెంటిమెంట్ మోడల్‌కు (రాతలో మెచ్చుకోలు ఉందో తిట్టు ఉందో అంచనా వేసే ప్రోగ్రామ్‌కు) ఇచ్చి తామే ఒక స్కోరు తయారుచేసేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. ఒక హారర్ సినిమా గురించి 'ఊపిరాడలేదు, రాత్రంతా నిద్ర పట్టలేదు' అని రాస్తే అది మెచ్చుకోలు, మోడల్‌కు మాత్రం అది ఫిర్యాదులా కనబడవచ్చు. అంకె ఇవ్వకూడదని విమర్శకుడు నిర్ణయించుకున్నప్పుడు ఆ నిర్ణయాన్ని మన్నించి, ఒక వాక్యం, లింకు చూపితే సరిపోతుంది.

టీవీ సిరీస్‌కు ఇంకొంచెం ఎక్కువ

సినిమాకు ఒక రివ్యూ అంటే మొత్తం సినిమాకే. సిరీస్‌కు అలా కాదు. విమర్శకులకు ముందుగా మొదటి కొన్ని ఎపిసోడ్లే పంపడం మామూలే, వాళ్లు చూసినంతవరకే రాస్తారు. మొదటి సీజన్‌ను తిట్టినవారే మూడో సీజన్‌ను ఆకాశానికెత్తవచ్చు. అందుకని రివ్యూను సిరీస్‌కు కాకుండా సీజన్‌కు, వీలైతే ఎపిసోడ్‌కు కట్టండి. ఏ సీజన్‌దో తెలియకపోతే 'తెలియదు' అనే ఉంచండి, మొదటి సీజన్ అని నింపేయకండి. టీఎమ్‌డీబీలో ప్రత్యేక ఎపిసోడ్లు సున్నా సీజన్ కింద ఉంటాయి, లూప్ ఒకటితో మొదలుపెడితే అవి జారిపోతాయి.

పాఠం ఎవరిది?

కీ ఇచ్చారంటే పాఠమంతా మీదైపోయినట్టు కాదు. రివ్యూ రాసినవారికో పత్రికకో కాపీరైట్ ఉంటుంది. 1886 నాటి బెర్న్ ఒప్పందం కొటేషన్‌కు చోటిస్తుంది, దానితో పాటు మూలాన్నీ రచయిత పేరునూ చెప్పాలంటుంది. అనువాదం చేసే హక్కు రచయితదేనని కూడా అదే ఒప్పందం చెబుతోంది. అంటే ఇంగ్లీషు రివ్యూ మొత్తాన్ని యంత్రంతో తెలుగు చేసి పెట్టడానికి కూడా అనుమతి కావాలి. ఈ సంగతి మనలో చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి.

షరతుల పేజీలో నాలుగు విషయాలు వెతకండి: వ్యాపారానికి వాడవచ్చా, ఎంతకాలం నిల్వ ఉంచుకోవచ్చు, పేరు, లోగో ఎలా చూపాలి, ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడవచ్చా. ప్రకటనలు పెట్టిన చిన్న యాప్ కూడా చాలాచోట్ల వ్యాపారం కిందికే వస్తుంది. టీఎమ్‌డీబీ అయితే తమ ఏపీఐ వాడుతున్నామని, కానీ దీనికి తమ ఆమోదం ఉన్నట్టు కాదని ఒక వాక్యం పెట్టమంటుంది.

కోట్ చేసేటప్పుడు వాక్యాన్ని మధ్యలో తెంపకండి. మొదటి 150 అక్షరాలు కోసి చుక్కలు పెట్టే కోడ్ 'కానీ' ముందు ఆగిపోతే అర్థం తలకిందులవుతుంది. రివ్యూ మధ్యలోంచి వాక్యం తీస్తే కథలో మలుపు బయటపడే ప్రమాదం ఉంది. పత్రికే ఇచ్చిన క్లుప్త వాక్యం ఉంటే అది వాడటం ఉత్తమం. విమర్శకుడి పేరు, పత్రిక పేరు, అసలు రివ్యూకు లింకు ఈ మూడూ కోట్ పక్కనే ఉండాలి, పేజీ అడుగున ఎక్కడో కాదు.

కీలు, హద్దులు, ఎర్రర్లు

ఇవి తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. ఈ ఏపీఐలలో మామూలుగా కీని లింకులోనే పంపుతారు, కాబట్టి అది సర్వర్ లాగుల్లోకీ స్క్రీన్‌షాట్లలోకీ వెళ్లిపోతుంది. లాగ్ రాసేటప్పుడు దాన్ని చెరిపేయండి. మొబైల్ యాప్‌లో గానీ బ్రౌజర్ కోడ్‌లో గానీ కీ పెట్టకండి, మధ్యలో మీ సర్వర్ ఉండాలి. గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో) ఒకసారి ఎక్కిన కీ ఫైలు తీసేసినా చరిత్రలో ఉంటుంది, కొత్త కీ తీసుకుని పాతది రద్దు చేయడమే దారి.

న్యూయార్క్ టైమ్స్ ఏపీఐ నిమిషానికి 5, రోజుకు 500 సార్లు అడగనిస్తుంది, అంటే ప్రతి పిలుపుకీ మధ్య 12 సెకన్లు ఆగాలి. ఒక్కో పేజీకి 10 ఫలితాలు. ఒక వెతుకులాటలో వెయ్యి ఫలితాలు దాటి లోతుకు వెళ్లలేరు, తేదీల వారీగా ముక్కలు చేసి అడగాలి. ఓఎమ్‌డీబీ ఉచిత కీకి రోజుకు 1000. 429 (హద్దు దాటారని చెప్పే ఎర్రర్ కోడ్) వస్తే వెంటనే మళ్లీ కొట్టకండి. ఎంతసేపు ఆగమన్నారో హెడర్‌లో ఉంటే అంతసేపు ఆగండి, లేకపోతే ప్రతిసారీ వ్యవధి రెట్టింపు చేయండి. 200 (అంతా సవ్యమే అనే కోడ్) వచ్చిందని సంతోషించవద్దు, ఓఎమ్‌డీబీ సినిమా దొరకకపోయినా 200తోనే జవాబిచ్చి, లోపల 'ఫాల్స్' అని రాస్తుంది.

పేజీలు తిప్పుతుండగా పైన కొత్త రివ్యూ చేరితే పాతవి కిందికి జరిగి, ఒకటే రెండుసార్లు వస్తుంది. చివరి తేదీని ముందే ఖాయం చేసి, పాతవాటి నుంచి కొత్తవాటికి అడుగుతూ వెళ్లండి.

పెద్ద సినిమాకు ఎంబార్గో (ఫలానా సమయం దాకా రివ్యూలు బయటపెట్టకూడదనే ఆంక్ష) ఎత్తేసిన గంటలో రివ్యూలన్నీ ఒక్కసారిగా వస్తాయి, చూసేవాళ్లూ అప్పుడే వస్తారు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఏపీఐని పిలిచే ఏర్పాటు ఆ గంటలో నిలబడదు. వెనక ఒక జాబ్ నిర్ణీత వ్యవధిలో తెచ్చి, షరతులు ఒప్పుకున్నంతసేపు క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉంచాలి. తొలి పదినిమిషాల్లో ఇద్దరు ముగ్గురి రివ్యూలతో సగటు చూపించకండి, కనీసం ఇన్ని వస్తేనే అని ఒక హద్దు పెట్టుకోండి. పత్రికలు తర్వాత తప్పులు సరిదిద్దుతాయి, ఒక్కోసారి రివ్యూనే తీసేస్తాయి. అందుకని పాతవాటినీ అప్పుడప్పుడు మళ్లీ అడిగి, మారినవి మార్చాలి, పోయినవి తీసేయాలి.

నెట్‌ఫ్లిక్స్ తన పబ్లిక్ ఏపీఐని 2014 నవంబరులో మూసేసింది, దాని మీద కట్టిన యాప్‌లు ఎన్నో ఆగిపోయాయి. ఏ పత్రికైనా రేపు అదే చేయవచ్చు. ప్రతి మూలానికీ కోడ్‌లో విడి భాగం రాయండి. ఒకటి ఆగితే దాని చోట ఖాళీ గడి కాకుండా 'ఈ పత్రిక రివ్యూలు ప్రస్తుతం అందుబాటులో లేవు' అని కనబడాలి. విడుదలకు ముందు ఒక్కో కీనీ కావాలనే చెడగొట్టి, ఆ వాక్యం నిజంగా వస్తోందో లేదో చూడండి.